డిగ్రీ మీద 'ఎకనామిక్స్' అని ఉండాలా? రాయగడ వైపు నుంచి పీజీకి వెళ్ళేవాళ్ళకి

ఎదురింటి అమ్మాయి మొన్న ఫోన్‌లో మూడు ప్రాస్పెక్టస్‌లు తెరిచి నా ముందు పెట్టింది. ఒకటి ఎంఏ ఎకనామిక్స్, ఒకటి ఎంఏ డెవలప్‌మెంట్ స్టడీస్, మూడోది ఎంఏ అప్లైడ్ ఎకనామిక్స్. "మావయ్యా, మూడిట్లోనూ పేదరికం, అసమానత, గ్రామీణాభివృద్ధి అనే ఉంది. మరి తేడా ఏంటి?" అని అడిగింది. వాళ్ళ నాన్న పక్కనే కూర్చుని, "తేడాలు తర్వాత చూసుకోవచ్చు గానీ, ఏది చదివితే ఉద్యోగం వస్తాదో అది చెప్పండి" అన్నాడు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. ఆ సాయంత్రం నోటితో చెప్పింది సగమే. మిగతా సగం కూడా కలిపి రాస్తున్నాను. ఒడిశాలోని మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం పిల్లలకి ప్రతి ఏడాదీ ఇదే తికమక.

నేను పుట్టి పెరిగింది రాయగడలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. చదివింది ఎంఏ ఎకనామిక్స్. కాబట్టి నా సలహాలో ఆ వైపు కొంచెం మొగ్గు ఉంటుంది, అది ముందే చెప్పేస్తున్నాను.

నూటికి మూడు

ప్లస్ త్రీ (మా ఒడిశాలో డిగ్రీని అలా అంటాం) అయ్యాక ఖాళీగా ఉండలేక ఒక సర్వేలో చేరాను. ఇంటింటికీ తిరిగి, అడిగి, ట్యాబ్‌లో నింపే పని. అందులో "అప్పు మీద వడ్డీ రేటు" అని ఒక గడి ఉండేది. అడిగితే జనం "నూటికి మూడు" అనేవాళ్ళు. నేను 3 అని కొట్టేవాణ్ణి. అలా వారం గడిచింది. నూటికి మూడంటే నెలకి అని మన ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఏడాదికైతే 36 శాతం. గడి అడిగింది ఏడాది రేటు. నేను ఆలోచించకుండా వేసిన అంకెల వల్ల మా పల్లెల్లో సావుకార్లు బ్యాంకుల కంటే చవగ్గా అప్పులిచ్చే ధర్మాత్ములైపోయారు.

ఆ తప్పు ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడకి దొరికింది. ఆవిడ మా పల్లెలకి ఎప్పుడూ వచ్చింది లేదు. మిగతా బృందాల అంకెలు 24, 36 దగ్గర ఉంటే నా అంకెలన్నీ 3 దగ్గర గుట్టపడటం పట్టికలో చూసి ఫోన్ చేసింది. ఆవిడ చదివింది ఎకనామిక్స్.

అదే సర్వేలో ఇంకో తప్పు ఉంది, అది ఏ పట్టికలోనూ కనపడేది కాదు. "మీకు అప్పులున్నాయా?" అంటే సగం ఇళ్ళవాళ్ళు లేవన్నారు. అంకెల్లో అది మామూలుగానే కనపడింది. మాతో తిరిగిన ఒక కుర్రాడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని మాటల్లో పెట్టి అసలు సంగతి రాబట్టాడు. చేబదులు అప్పు కాదట. కిరాణా కొట్టులో ఖాతా అప్పు కాదట. కూలికి ముందే తీసుకున్న అడ్వాన్సు అసలే అప్పు కాదట, అది "పనిలో తీరిపోయేది". నోటు రాసి తెచ్చుకున్నదే అప్పు. ఈ కుర్రాడు చదివింది డెవలప్‌మెంట్ స్టడీస్.

నాకు తెలిసి ఈ రెండు చదువులకీ ఉన్న అసలు తేడా ఇదే. ఒకటి అంకెలు అబద్ధమాడుతున్నప్పుడు పట్టుకోవడం నేర్పుతుంది. ఇంకోటి ప్రశ్నే తప్పుగా పడినప్పుడు పట్టుకోవడం నేర్పుతుంది. రెండూ వచ్చినవాళ్ళు లేకపోలేదు గానీ, వాళ్ళు రెండేళ్ళ పీజీతో అలా తయారైనవాళ్ళు కారు.

క్లాసులో ఏం జరుగుతుంది

ఎకనామిక్స్ పీజీలో మొదటి ఏడాది అభివృద్ధి అన్న మాట దాదాపు వినపడదు. మైక్రో, మాక్రో, గణితం, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక అంకెల మీద స్టాటిస్టిక్స్ వాడటం). డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ ఒక పేపరుగానో, రెండో ఏడాది ఆప్షనల్‌గానో వస్తుంది. పేదరికం గురించి చదువుదామని వెళ్ళిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో లగ్రాంజ్ గుణకాలు చూసి దిగులుపడేది ఇందుకే. నేనూ పడ్డాను. నేను చదివిన చోట మాస్టారు మొదటి వారంలోనే బోర్డంతా పాక్షిక అవకలనాలతో నింపేశారు. ప్లస్ టూ తర్వాత లెక్కలు ముట్టుకోని మేం నలుగురం వెనక బెంచీలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

అయితే ఆ గణితం దేనికన్నది తర్వాత తెలుస్తుంది. ఒక ఉదాహరణ మన పక్క రాష్ట్రం నుంచే చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్ల డబ్బు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ వేసి తేల్చారు. ముందు వచ్చిన మండలాల్ని, ఇంకా రానివాటిని పోల్చి చూస్తే డబ్బు త్వరగా అందుతోందని, మధ్యలో పోయేది తగ్గిందని తేలింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ 2016లో దాన్ని ప్రచురించారు. లాటరీ ఎందుకు? అధికారులు తమకి నచ్చిన మండలాలతో మొదలుపెడితే అవి ముందు నుంచే బాగా నడిచే మండలాలై ఉంటాయి. అప్పుడు ఫలితం కార్డుదా, మండలానిదా అన్నది ఎవరూ తేల్చలేరు. ఈ ఒక్క ముడి విప్పడానికే ఎకనామెట్రిక్స్‌లో సగం పాఠాలు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకి 2019లో నోబెల్ వచ్చింది కూడా పేదరికం మీద ఇలాంటి ప్రయోగాల పద్ధతికే.

డెవలప్‌మెంట్ స్టడీస్ క్లాసు వేరే తీరు. అక్కడ అర్థశాస్త్రం ఒక పాయ మాత్రమే. సామాజిక శాస్త్రం, రాజనీతి, చరిత్ర, చట్టం, పర్యావరణం, జెండర్ అన్నీ కలుస్తాయి. దీనికి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. నియమగిరి మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాయగడ వైపు 7, కలహండి వైపు 5, మొత్తం 12 గ్రామసభలు ఆ ఏడాదే కూర్చుని వద్దన్నాయి. ఎకనామిక్స్ విద్యార్థి అడిగేది గని వస్తే ఆదాయం ఎంత, నష్టం ఎంత, ఎవరికెంత అని. డెవలప్‌మెంట్ స్టడీస్ విద్యార్థి ఇంకో చోట మొదలుపెడతాడు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ 12 ఊళ్ళ చేతికి ఏ అధికారం ఇచ్చింది? కొండని దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందుల మాట కోర్టు భాషలోకి ఎలా ఎక్కింది? 12 ఊళ్ళనే ఎందుకు ఎంచారు, మిగతా ఊళ్ళ సంగతేంటి?

నియమగిరి గురించి చదువుతుంటే మీకు ముందు ఏ ప్రశ్న తట్టింది? ప్రాస్పెక్టస్ చూసే ముందు ఒక కాగితం మీద అది రాసుకోండి. నేను ఎదురింటమ్మాయిని అడిగితే, "ఓటు వేసినవాళ్ళు మొత్తం ఎంతమంది, అందులో ఆడవాళ్ళెంతమంది?" అంది. అది రెండు వైపులా పోగల ప్రశ్న. నాకు పెద్దగా సాయపడలేదు.

"లెక్కలు రావు కాబట్టి" అన్న కారణం

డెవలప్‌మెంట్ స్టడీస్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది చెప్పే కారణం లెక్కలంటే భయమని. అది తప్పుడు కారణం. అక్కడ లెక్కలు తక్కువే గానీ చదవాల్సింది, రాయాల్సింది కొండంత ఉంటుంది. ప్రతి క్లాసుకీ ముందు ఇంగ్లీషు వ్యాసాలు చదివి రావాలి, సెమిస్టర్‌కి నాలుగైదు టర్మ్ పేపర్లు రాయాలి, నలుగురిలో లేచి వాదించాలి. ఒడియా మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి వెళ్ళినవాళ్ళకి అదే పెద్ద దెబ్బ. సమీకరణానికి భాష అక్కర్లేదు. మనలాంటివాళ్ళకి నిజానికి గణితమే దయగలది. మూడు నెలలు మొండిగా కూర్చుంటే వస్తుంది. ఇంగ్లీషులో పది పేజీల వాదన కట్టడం మూడు నెలల్లో వచ్చేది కాదు.

తేల్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. పొద్దున ఏదైనా ఎకనామిక్స్ ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రం తీసి గంట సేపు కూర్చోండి. జవాబులు రాకపోయినా పర్లేదు. గంట కూర్చోగలిగారా, పావుగంటకే లేచి టీ పెట్టుకున్నారా అన్నది చూసుకోండి. మధ్యాహ్నం ఏదైనా ఇంగ్లీషు పరిశోధన వ్యాసం ఇరవై పేజీలు చదివి, ఆ రచయితతో మీరు ఎక్కడ ఒప్పుకోరో ఒక పేజీ రాయండి. రెండిట్లో ఏది రేపు మళ్ళీ చెయ్యాలనిపిస్తే అది మీది.

గణితం వైపు వెళ్ళేవాళ్ళు కొన్ని చోట్ల ప్లస్ టూలోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలన్న షరతు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఆ వాక్యం వెతకండి.

వాళ్ళ నాన్న ప్రశ్న

ఇక ఉద్యోగం. ఇక్కడ డిగ్రీ మీద ఏ పదం ఉందన్నది నిజంగానే తేడా చేస్తుంది.

యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్, ఈ నాలుగిట్లో ఒకదానిలో పీజీ ఉండాలి. వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు ఉంది. ఆ జాబితాలో డెవలప్‌మెంట్ స్టడీస్ లేదు. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగానికి తీసుకునే గ్రేడ్ బి అధికారుల పోస్టులూ ప్రధానంగా ఎకనామిక్స్ వాళ్ళ కోసమే. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ పోస్టుకి నోటిఫికేషన్‌లో ఎకనామిక్స్ పీజీ అని ఉంటే, డెవలప్‌మెంట్ స్టడీస్ సర్టిఫికెట్ పట్టుకుని "అదీ ఇదీ ఒకటేనండీ" అని కౌంటర్ దగ్గర వాదించాల్సిన పరిస్థితి రావచ్చు. ఆ వాదన గెలిచినవాళ్ళు నాకు తెలుసు, ఓడినవాళ్ళూ తెలుసు.

ఒక వింత ఏమిటంటే లెక్చరర్ అర్హతకి పెట్టే యూజీసీ నెట్‌లో ఈ గొడవ లేదు. అక్కడ ఎకనామిక్స్ సబ్జెక్టు పేరు కిందే రూరల్ ఎకనామిక్స్, డెవలప్‌మెంట్ ప్లానింగ్, డెవలప్‌మెంట్ స్టడీస్, ఎకనామెట్రిక్స్ అన్నీ కలిపి ఒకే పేపరు పెడతారు. కాబట్టి డెవలప్‌మెంట్ స్టడీస్ చదివినా నెట్, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తలుపు మూసుకోదు. కానీ ఆ పేపర్లో మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ వస్తాయి. అవి సొంతంగా చదువుకోవాల్సిందే.

సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా సరే. దానికోసం పీజీ ఎంచుకోకండి.

డెవలప్‌మెంట్ స్టడీస్ నుంచి తేలిగ్గా దొరికే పనులు స్వచ్ఛంద సంస్థల్లో, కంపెనీలు సమాజసేవకి పెట్టే సీఎస్ఆర్ విభాగాల్లో, రాష్ట్రాల జీవనోపాధి మిషన్లలో, సలహా సంస్థల్లో. ఇవి తక్కువ ఉద్యోగాలేం కావు. మన చుట్టూనే చూడండి. బరంపురం దగ్గర మొహుదాలో 1979 నుంచి గ్రామ్ వికాస్ ఉంది, మన కాశీపురంలో అగ్రగామి ఉంది. అలాంటి చోట్ల చేరినవాళ్ళు రెండు మూడేళ్ళలో ఒక బ్లాకు మొత్తాన్ని చేతిగీతల్లా తెలుసుకుంటారు. తల్లిదండ్రులకి ముందే చెప్పాల్సింది ఏంటంటే, ఈ రంగంలో చాలా పనులు ప్రాజెక్టులు. ప్రాజెక్టు మూడేళ్ళదైతే ఉద్యోగమూ మూడేళ్ళదే. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకి ఈ ముక్క నచ్చదు, తెలుసు.

ఎకనామిక్స్‌లో ఎకనామెట్రిక్స్ బాగా వచ్చి, డేటా విశ్లేషించే స్టాటా సాఫ్ట్‌వేరో ఆర్ భాషో చేతికి వస్తే పరిశోధన సంస్థల్లో రీసెర్చ్ అసోసియేట్ పనులు, బ్యాంకులు, డేటా కంపెనీలు కూడా చూసుకోవచ్చు. ఎకనామిక్స్ చదివి గణితం తప్పించుకుని బయటపడితే మాత్రం రెండిటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఎకనామిక్స్ వాళ్ళు అడిగే లెక్కలూ రావు, స్వచ్ఛంద సంస్థ అడిగే ఊరి పని అలవాటూ ఉండదు. ఇదే నేను ఎక్కువగా చూసిన తప్పు. ఊళ్ళకి దగ్గరున్న కాలేజీలో సీటొచ్చిందని చేరి, గైడు పుస్తకాలతో పాసై, ఇప్పుడు ఏ వైపూ పోలేక టెన్షన్ పడుతున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

దగ్గరవి, దూరంవి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన రాయగడ, జయపురం వైపంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ మనవాళ్ళ కళ్ళు ముందు విశాఖ వైపే పోతాయి. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, రైలెక్కితే అదే రోజు వెళ్ళి రావచ్చు, అక్కడ చుట్టాలూ ఉంటారు. కానీ అక్కడి ప్రవేశాల్లో ఎక్కువ సీట్లు స్థానికులకి. మనం స్థానికేతరులం. ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిసి వెనక్కి వచ్చినవాళ్ళు ఏటా ఉంటారు.

ఒడిశాలోనే చూసుకుంటే బరంపురం విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లో ఉత్కళ, మన కోరాపుట్ జిల్లా సునాబెడలో 2009లో పెట్టిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి సీపీఈటీ అనే ఉమ్మడి పరీక్ష, కేంద్రీయానికి సీయూఈటీ పీజీ. ఇంట్లో అమ్మానాన్నల ఆరోగ్యం బాగోలేదనో, దుకాణం చూసుకోవాలనో ఉన్నవాళ్ళకి ఇవే సరైనవి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే దగ్గరున్న చోట చదివేటప్పుడు మీ పక్కన పోటీ తక్కువ ఉంటుంది కాబట్టి ఎకనామెట్రిక్స్, సాఫ్ట్‌వేర్ మీరే పట్టుదలగా నేర్చుకోవాలి. దానికి ఒక మంచి దారి ఉంది. అమెరికాలోని ఎంఐటీ, పేదరికం మీద పరిశోధన చేసే జే-పాల్ కలిసి నడిపే మైక్రోమాస్టర్స్ ఆన్‌లైన్ కోర్సులు. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే ఆదాయాన్ని బట్టి ఫీజు. పాఠాలు చెప్పేవాళ్ళలో పైన చెప్పిన నోబెల్ ఆర్థికవేత్తలు బెనర్జీ, డుఫ్లో ఉన్నారు. సునాబెడలో కూర్చుని అవి విన్న పిల్లవాడికీ, పెద్ద ఊళ్ళో చదివి అవి వినని పిల్లవాడికీ మధ్య నేను మొదటివాణ్ణే పనిలో పెట్టుకుంటాను.

దూరం వెళ్ళగలిగితే, గట్టి గణితం కోరుకునేవాళ్ళు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, 1987లో రిజర్వ్ బ్యాంకు ముంబైలో నెలకొల్పిన ఐజీఐడీఆర్ (ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ), ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూస్తారు. చివరి రెండిటికీ సొంత పరీక్షలు, అవి నిజంగా కష్టం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మనవాళ్ళకి మధ్యస్థంగా సరిపోతుంది. సీయూఈటీతోనే వస్తుంది, ఫీజు తక్కువ, హాస్టల్లో తెలుగు వినపడుతుంది. అప్పుడప్పుడూ తెలుగు వినపడటం అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొదటి సెమిస్టర్‌లో దాని విలువ తెలుస్తుంది.

ఎదురింటమ్మాయి మూడో ప్రాస్పెక్టస్ తిరువనంతపురం సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేరు చూసి మోసపోయేది ఇక్కడే. సంస్థ పేరులో డెవలప్‌మెంట్ స్టడీస్ ఉంది, కానీ ఇచ్చేది అప్లైడ్ ఎకనామిక్స్ ఎంఏ. అంటే ఎకనామిక్ సర్వీస్ పరీక్షకి పనికొచ్చే పేరు. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ 1970లో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇటుక భవనాలు చూడటానికే జనం వెళ్తుంటారు. ఆదాయం తక్కువున్న కేరళ చదువులో, ఆరోగ్యంలో ఎలా ముందుందన్నది 1975లో ఐక్యరాజ్యసమితి కోసం ఈ సంస్థే అధ్యయనం చేసింది. తర్వాత 'కేరళ మోడల్' అన్న మాట దాని చుట్టూనే పెరిగింది. అంకె, ఊరు రెండూ వదలని చోటు కావాలంటే నా మొదటి ఓటు దీనికి. సీట్లు మాత్రం బాగా తక్కువ.

పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ 1930 నాటిది. ఆర్థికవేత్తలు దండేకర్, రథ్ 1971లో తిండి కేలరీలతో భారతదేశంలో పేదరికాన్ని కొలిచింది అక్కడ నుంచే. మన వైపు కంటే సోలాపూర్, నాందేడ్ తెలుగువాళ్ళకి అది దగ్గర. వాళ్ళకి ఇంకొకటీ దగ్గరే. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) తుల్జాపూర్ క్యాంపస్ 1986 నుంచి నడుస్తోంది, సోలాపూర్ నుంచి గంట ప్రయాణం. ధర్మాబాద్, కిన్వట్, సిరొంచ పిల్లలు ముంబై అనగానే బెదిరిపోయి టిస్ ఆలోచనే మానేస్తారు. తుల్జాపూర్ ముంబై కాదు, మరాఠ్వాడా పల్లెల మధ్య ఉంటుంది.

డెవలప్‌మెంట్ స్టడీస్‌కి టిస్, బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ గౌహతి పేరున్నవి. అజీం ప్రేమ్‌జీలో ఫీజు చూసి భయపడి పక్కన పెట్టకండి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో, ఖర్చుల్లో సాయం చేస్తారు. సీటు వచ్చాకే డబ్బు లెక్క చూసుకోవచ్చు.

రూరల్ మేనేజ్‌మెంట్ అనేది ఇంకో దారి. గుజరాత్ ఆనంద్‌లో అమూల్ కురియన్ 1979లో పెట్టిన ఇర్మా, భువనేశ్వర్‌లో ఎక్స్‌ఐఎం లాంటివి. ఇది ఎంబీఏ బంధువు. ఫీజు లక్షల్లో, ఉద్యోగాలు బాగానే వస్తాయి. అభివృద్ధి గురించి ఆలోచించడం కంటే నడిపించడం ఇష్టమైతే వెళ్ళండి. విదేశీ కోర్సుల గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాను: స్కాలర్‌షిప్ వస్తే వెళ్ళండి, ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళే చదువు మాత్రం కాదిది.

తహశీల్ ఆఫీసు దగ్గర ఆగిపోయే కథలు

సరిహద్దువాళ్ళకి కోర్సు కంటే కాగితాలే ముందు అడ్డం పడతాయి. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా రాష్ట్రం ఎస్ఈబీసీ (వెనకబడిన తరగతుల) జాబితాలో ఉండి కేంద్రం ఓబీసీ జాబితాలో లేకపోవచ్చు. సీయూఈటీకి పనికొచ్చేది కేంద్ర జాబితానే. ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానివి అడుగుతారు, నిరుడుది చెల్లదు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ఇంకో మెలిక ఉంది. ఒక రాష్ట్రంలో ఎస్సీగానో ఎస్టీగానో గుర్తింపు ఉన్నంత మాత్రాన వలస వెళ్ళిన రాష్ట్రంలో అదే గుర్తింపు రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు ఆంధ్రాలో పుట్టి బొంబాయిలో పెరిగిన ఒక విద్యార్థిదే. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి పేపరు మిల్లు చుట్టుపక్కల స్థిరపడిన ఇళ్ళు మా దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్లలు మూల రాష్ట్రం రికార్డులతో సర్టిఫికెట్ తెచ్చుకోవాలా, ఒడిశాలో వస్తుందా అన్నది చివరి నిమిషంలో అడిగితే ఎవరూ చెప్పలేరు. నా విషయంలో ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పి, నెలన్నర తర్వాత "మీ తాతగారి భూమి పట్టా ఉందా" అన్నారు. మా తాతకి భూమే లేదు.

మన మూడు భాషలు

ఇంట్లో తెలుగు, బయట ఒడియా, సంతలో కాస్త కోందుల భాష కుయి. మన పిల్లలు దీన్ని గొప్పగా అనుకోరు, రెజ్యూమెలో రాయరు కూడా. ఈ చదువులో అదే మీ పెట్టుబడి. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో పల్లెల్లో మిగులు శ్రమ పట్నపు పరిశ్రమకి పోతుందని సిద్ధాంతం రాశాడు. క్లాసులో అది రెండు గీతలున్న బొమ్మ. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్ళిన మామయ్య, 'దాదన్' అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీకి వెళ్ళిన కుటుంబం మీకు తెలిసి ఉంటే, ఆ బొమ్మలో అడ్వాన్సు ఎక్కడుందో మాస్టార్ని అడగగలిగేది మీరే.

డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఈ భాషలకి వెంటనే విలువ వస్తుంది, ఫీల్డ్‌వర్క్ మొదటి రోజునే. ఎకనామిక్స్‌లో ఆలస్యంగా, డిసర్టేషన్ దగ్గర గానీ ఉద్యోగంలో గానీ వస్తుంది. కానీ వచ్చినప్పుడు ఎక్కువ వస్తుంది. ప్రశ్నావళిలో "అప్పు" పక్కన "చేబదులు, ఖాతా, అడ్వాన్సు కలిపి" అని రాయించగలిగి, దాన్ని మళ్ళీ ఏడాది వడ్డీలోకి మార్చగలిగేవాళ్ళు తక్కువ.

కాబట్టి నా మొగ్గు చెప్పేస్తాను. గణితం ముందు గంట కూర్చోగలిగితే, డిగ్రీ మీద ఎకనామిక్స్ అన్న పదం ఉండే చోటికే వెళ్ళండి. ఎకనామిక్స్ చదివి తర్వాత ఊళ్ళో పని నేర్చుకున్నవాళ్ళు చాలామంది కనిపిస్తారు. డెవలప్‌మెంట్ స్టడీస్ చదివి తర్వాత ఎకనామెట్రిక్స్ నేర్చుకున్నవాళ్ళు నాకు ఇద్దరే తెలుసు. కూర్చోలేకపోతే, ఇంగ్లీషులో చదివి రాయడం బాగా వస్తే, ఊళ్ళు తిరగడం ఇష్టమైతే డెవలప్‌మెంట్ స్టడీస్ మీకు బాగా కుదురుతుంది. సర్కారు ఉద్యోగం ఆశ మాత్రం కొంత తగ్గించుకోవాలి. రెండూ రావనిపిస్తే ఒక ఏడాది సర్వే పనిలో చేరండి. జీతం తక్కువే, కానీ ఏడాది తిరిగేసరికి మీకే తెలిసిపోతుంది.

ఎదురింటమ్మాయి ఇప్పుడు సీయూఈటీకి చదువుతోంది. 2024లోనూ 2025లోనూ ఆ పరీక్ష మార్చిలో మొదలైంది, దరఖాస్తులు చలికాలంలోనే తెరుస్తారు. వాళ్ళ నాన్న లెక్కల ట్యూషన్‌కి ఒప్పుకున్నాడు, తిరువనంతపురానికి ఇంకా ఒప్పుకోలేదు. "అంత దూరమా?" అంటున్నాడు. ఆయన తమ్ముడు పదిహేనేళ్ళుగా సూరత్‌లో ఉంటున్నాడు.